బడి భోజనం ప్రాజెక్టు డైరీ: తూకం, పెంకులు, ఆదివారం కోడికూర

2025 జులై 5, శనివారం

మొత్తానికి పర్మిషన్ లెటర్ మీద సంతకం పడింది. మూడు వారాలు, రెండు ఆఫీసులు, నాలుగు సెట్ల జిరాక్సులు. ఒకచోట "భోజనం బాగోలేదని రాస్తావా ఏంటి?" అని అడిగారు, ఇంకోచోట "బాగుందనే రాస్తావుగా?" అని అడిగారు. ఇద్దరికీ ఒకటే చెప్పా, ఇంకా తెలీదండీ అని. రెండో ఆయనకి ఆ జవాబు అస్సలు నచ్చలేదు.

నేను న్యూట్రిషన్‌లో పీజీ రెండో ఏడాది చదువుతున్నా. ప్రాజెక్టు ఏంటంటే, గుంటూరులో మిర్చి యార్డు వైపున్న రెండు ప్రాథమిక బడుల్లో మధ్యాహ్న భోజనం పిల్లలకి నిజంగా ఎంత పనికొస్తోందో చూడటం. చేతిలో ఆరు వారాలే ఉన్నాయి. సామాను: 5 కిలోల దాకా తూగే కిచెన్ స్కేలు, మనుషుల బరువు చూసే మిషను, ఎత్తు కొలిచే టేపు, మూడు రూళ్ల పుస్తకాలు, మా తమ్ముడి పాత స్కూటీ. ప్రపోజల్లో మాత్రం "పిల్లల బరువు, ఎత్తు, హాజరులో మెరుగుదల" అని బాగా గొప్పగా రాసేశా.

జులై 7, సోమవారం

మొదటి రోజే ఆ గొప్ప ప్రపోజల్లో ఒక కాలు విరిగింది.

పిల్లల్ని ఇప్పుడోసారి, ఆరు వారాలయ్యాక ఇంకోసారి బరువు చూసి తేడా తీద్దామనుకున్నా. ఇంటర్వెల్లో మూడో తరగతి పిల్లాణ్ణి మిషనెక్కించి బరువు రాసుకున్నా. వాడు దిగి కుళాయి దగ్గరికెళ్లి నీళ్లు తాగొచ్చి మళ్లీ ఎక్కాడు, 300 గ్రాములు పెరిగాడు! సాయంత్రం మా గైడ్ మేడమ్‌కి చెప్తే ఫోన్లో పెద్దగా నవ్వారు. ఆ వయసు పిల్లలు ఏడాది మొత్తానికి పెరిగేదే రెండు మూడు కిలోలు, ఆరు వారాల వాటా ఎంతొస్తుందో లెక్కేసుకో అన్నారు. వేశా. పావు కిలో, మహా అయితే మూడొందల యాభై గ్రాములు. అంటే నేను వెతుకుతున్న తేడా ఒక గ్లాసుడు నీళ్లంత. పైగా ఈ బడుల్లో పిల్లలందరికీ భోజనం పెడతారు, తినని పిల్లలంటే ప్రైవేటు బడికెళ్లే వాళ్లే, వాళ్ల ఇళ్లూ సంపాదనా వేరు. ఇక పోల్చేది ఎవరితో?

పోనీ పోయినేడాదితో పోల్చుదామా అంటే, ఈ జూన్ 12 నుంచి సన్నబియ్యం వచ్చాయి. ఏం మారినా అది భోజనం వల్లా బియ్యం వల్లా అని విడదీయలేను. బరువు మిషను ఇంటికి తెచ్చేశా. ఇప్పుడు దాని మీద మా నాన్న రోజూ ఎక్కుతున్నాడు, అదొక్కటే దానివల్ల ఉపయోగం.

జులై 9, బుధవారం

బరువు పోతే పోయింది, కంచంలో వేసిందెంత, మిగిల్చిందెంత తూద్దామని మొదలుపెట్టా. వడ్డించాక ఒకసారి, తిన్నాక ఒకసారి తూచి తీసివేస్తే తిన్నది తేలుతుంది. వినడానికి భలే తేలిగ్గా ఉంటుంది.

రెండు రోజుల డేటా ఈ రాత్రి చింపేశా. తప్పు పూర్తిగా నాదే. బడి కంచం ఖాళీగా ఒకటి తూచి, ఆ బరువే అందరికీ తీసేస్తున్నా. కానీ సగంమంది ఇంటి నుంచి తెచ్చుకున్న కంచాల్లో తింటారు. ఒకడిది పల్చటి స్టీలు ప్లేటు, ఒకమ్మాయిది వాళ్ల అమ్మమ్మ పేరు చెక్కిన పాతకాలం కంచం, ఖాళీదే అరకిలో దాటింది. నా లెక్క ప్రకారం ఆ పిల్ల గుండిగలో సగం అన్నం తినేసి ఉండాలి. రేపట్నుంచి ప్రతి కంచం వెనక మార్కర్‌తో నంబరేసి, దాని ఖాళీ బరువు విడిగా రాసుకుంటా. పిల్లల పేర్లు ఎక్కడా రాయను, అంతా నంబర్లే.

రేపు, అంటే 10న, మెగా పేరెంట్ టీచర్ మీటింగ్. తల్లిదండ్రులందరూ బడికి వచ్చే రోజు మామూలు రోజు కాదు కాబట్టి రేపటి తూకం లేదు.

జులై 11, శుక్రవారం

ఇవాళ తూకం కుదిరింది. ఒక బడిలో 40 కంచాలు. మా అమ్మ సాయమొచ్చింది, అంకెలు నేను అరిస్తే తను రాసింది. మధ్యలో రెండుసార్లు "ఈ పిల్లేంటి ఇంత సన్నగా ఉంది" అని రాయడం ఆపేసింది కూడా.

ముందు కాగితం మీద లెక్క చెప్తా, లేకపోతే మిగతాది అర్థం కాదు. ప్రాథమిక తరగతుల్లో ఒక్కొక్కరికీ రోజుకి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. వీటితో 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీను అందాలని రూలు. కూడి చూస్తే సరిగ్గానే వస్తుంది. బియ్యంలోనే 350 కేలరీలు, సుమారు 8 గ్రాముల ప్రొటీను. పప్పులో నాలుగు గ్రాముల పైచిలుకు ప్రొటీను. నూనెలో 45 కేలరీలు. మన రాష్ట్రంలో దీని మీద శనివారం తప్ప రోజూ గుడ్డు, అదింకో 6 గ్రాముల ప్రొటీను. చిక్కీ, రాగిజావ అదనం.

ఇక కంచాల్లో చూసింది. అన్నం దాదాపు అందరిదీ ఖాళీ. వంటమ్మ కూడా అదే చెప్పింది, సన్నబియ్యం వచ్చాక అన్నం పారబొయ్యడం తగ్గిందని. పప్పు మాత్రం కంచం అంచున గోడలాగా నిలబడి ఉంది. మొదట కారం ఎక్కువేమో అనుకున్నా (గుంటూరు కదా, ఒకటో తరగతి పిల్లలకి కూడా మన చెయ్యి ఆగదు). అది కొంత నిజమే. అసలు సంగతి మాత్రం చిన్న చిన్న డబ్బాల్లో ఉంది. పది పదిహేను మంది ఇంటి నుంచి పచ్చడి తెచ్చుకుంటున్నారు: గోంగూర, ఆవకాయ, ఒకమ్మాయి డబ్బాలో పండుమిరపకాయ పచ్చడి. డబ్బా ఒక్కరిది, చేతులు ఆరుగురివి. అన్నమంతా పచ్చడితో కలిపేసి లాగిస్తున్నారు, పప్పు ఒక ముద్దకి సరి.

బడి వాళ్లు భోజనం లెక్కల యాప్‌లో ఎక్కించే ఫొటోలో ఇలాంటి కంచం బ్రహ్మాండంగా కనిపిస్తుంది, రిజిస్టర్లో ఆ పిల్ల "తిన్నది" అని పడుతుంది. నా లెక్కలో చూస్తే కేలరీలు వెళ్లాయి, పప్పులో ప్రొటీను సగం కూడా వెళ్లలేదు. బియ్యంలో తక్కువుండే లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని (ప్రొటీను గోడలో ఒక ఇటుక లాంటిది) భర్తీ చేసేది పప్పే కాబట్టి నష్టం గ్రాముల్లో కనిపించే దానికంటే ఎక్కువే. పచ్చడి మానమని చెప్పే ధైర్యం నాకైతే లేదు, నేనూ అట్టాగే పెరిగా.

జులై 16, బుధవారం

వంటమ్మతో కొంచెం చనువొచ్చింది. ఇరవై ఏళ్ల పైనే ఇదే బడిలో వండుతోంది. మన రాష్ట్రంలో వండిన భోజనం పెట్టడం 2003 జనవరిలో మొదలైంది, అప్పటి మొదటి బ్యాచ్ డ్వాక్రా వాళ్లలో ఆమె ఒకరు. గౌరవవేతనం నెలకి 3000. ఇవాళ తనే కూర్చోబెట్టి చెప్పింది.

"ఏందమ్మాయ్, నువ్వు తూకం తెచ్చిన రోజు పప్పు చిక్కగా ఉంటది, చూసుకున్నావా?"

"అంటే రోజూ అట్టా ఉండదా అక్కా?"

"కొట్టోడు అప్పిచ్చినన్నాళ్లు ఉంటది. బిల్లు పడకపోతే యాడ నుంచి తేను? నెలాఖరుకి చూడు, నీళ్లు ఎక్కువ పోస్తా. దాచేదేముంది."

బియ్యం, గుడ్లు, చిక్కీ బడికే వస్తాయి. పప్పు, నూనె, కూరగాయలు మాత్రం వండేవాళ్లే ముందు చేతి డబ్బు పెట్టో అప్పు చేసో కొంటారు, బిల్లు తర్వాత పడుతుంది. ఆ "తర్వాత" ఎప్పుడన్నది ఆమె చేతిలో లేదు. ఇన్ని రోజులు పిల్లలు పప్పెందుకు తినట్లేదని వాళ్ల నాలుకలో వెతికా. కంచంలో ప్రొటీను కిరాణా కొట్టు ఖాతా పుస్తకం మీద కూడా ఆధారపడుతుందని ఏ సిలబస్‌లోనూ చదవలేదు.

దీనితో రెండు మార్పులు. ఒకటి, ఇక మీదట చెప్పకుండా వెళ్లాలి, వారంలో ఏ రోజో చీటీలేసి తీస్తా. రెండు, పప్పు చిక్కదనం కూడా రాయాలి. దానికి లాబ్ టెస్టు అక్కర్లేదు. గరిటెడు పప్పు జల్లెడలో పోసి, రెండు నిమిషాలు ఆగి, పైన నిలిచిందెంతో తూస్తున్నా. మొరటు పద్ధతే, కానీ రోజుకీ రోజుకీ తేడా తెలుస్తుంది.

అన్నట్టు అన్నం వడ్డించే గరిటె, అదే హస్తం, దాని సంగతి. ఒకే మనిషి, ఒకే హస్తం, ఐదుగురికి వరసగా వడ్డించినవి తూచా. తక్కువ 130 గ్రాముల అన్నం, ఎక్కువ 240. చిన్నవాళ్లకి తక్కువ, అడిగిన వాళ్లకి ఎక్కువ, మొహమాటపడే వాళ్లకి ఎప్పుడూ తక్కువే.

జులై 19, శనివారం

చదువుకున్న రోజు. ఇంతకుముందు వాళ్లు ఈ చిక్కుని ఎట్టా విప్పారో చూద్దామని కూర్చున్నా.

దేశమంతా వండిన భోజనం పెట్టక తప్పకుండా చేసింది 2001 నవంబర్ 28 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు. 1995లోనే పథకం మొదలైనా అప్పట్లో చాలా రాష్ట్రాలు బియ్యమో గోధుమలో కొలిచి ఇంటికి పంపేవి. ఉత్తర్వు తర్వాత ఒక్కో రాష్ట్రం ఒక్కో టైములో మొదలుపెట్టింది, ఆ ముందువెనకలనే పట్టుకుని రాజశ్రీ జయరామన్, తనికా చక్రవర్తి అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2019లో పేపరు రాశారు. భోజనం ఐదేళ్ల దాకా అందిన పిల్లలకి, ఏడాదిలోపే అందిన వాళ్లకంటే చదవడంలో మార్కులు 18 శాతం, లెక్కల్లో 9 శాతం ఎక్కువ. మన దగ్గరిది ఇంకోటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుంచి పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించిన యంగ్ లైవ్స్ సర్వే డేటాతో అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ చూసింది: కరువులో చిక్కిపోయిన పిల్లలు ఈ భోజనం వల్ల తేరుకున్నారని తేలింది. రెండూ చదివి ఆనందపడ్డా గానీ నా దగ్గర రాష్ట్రాలూ లేవు, ఏళ్లూ లేవు, ఆరు వారాల్లో రెండు అప్పుడే అయిపోయాయి.

నాకు పనికొచ్చింది ఫర్జానా అఫ్రీదిది. మధ్యప్రదేశ్‌లో చేశారు, 2010లో అచ్చయింది. పిల్లలు నిన్న ఏం తిన్నారో అడగడం, అంతే. కొందరికి ఆ "నిన్న" బడి ఉన్న రోజు, కొందరికి సెలవు రోజు. బడిలో పెట్టారని ఇంట్లో తగ్గించేస్తే, బడి ఉన్న రోజూ లేని రోజూ మొత్తం తిండి ఒకటే అవ్వాలి. తగ్గించకపోతే బడి రోజున ఎక్కువ ఉండాలి. బడిలో పెట్టినదాంట్లో, పోషకాన్ని బట్టి, 49 నుంచి 100 శాతం దాకా పిల్లలకి అదనంగానే అందిందని ఆవిడ లెక్క. అంటే ఇంట్లో కోత పెట్టినా మహా అయితే సగం దాకానే.

ఇది నేను చెయ్యగలను! స్కేలు కూడా అక్కర్లేదు. ఒక గిన్నె, ఒక గ్లాసు, ఓపిక చాలు.

జులై 22, మంగళవారం

చెయ్యగలను అన్నాగా. ఇదిగో.

నిన్న సోమవారం కాబట్టి 4, 5 తరగతుల పిల్లల్ని ఆదివారం సంగతి అడిగా (చిన్న తరగతుల వాళ్లని అడిగితే పుట్టినరోజు కేకు దగ్గర మొదలై ఎక్కడెక్కడికో వెళ్తోంది, వదిలేశా). ఇవాళ సోమవారం సంగతి అడిగా. రాత్రి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆదివారమే ప్రొటీను ఎక్కువ! బడి భోజనం లేని రోజు పిల్లలు ఇంకా బాగా తిన్నట్టు వచ్చింది.

ఐదు నిమిషాలు తల పట్టుకుని కూర్చున్నా. ఆ తర్వాత పేజీ తిప్పితే వరసగా అదే మాట: కోడికూర, కోడికూర, కోడికూర, మటన్ (ఈ ఇంటికి చుట్టాలొచ్చారట), కోడికూర. గుంటూరులో ఆదివారం అంటే సెలవు మాత్రమేనా? కూలికెళ్లే ఇంట్లో కూడా అర కిలో అయినా తేకుండా ఉండరు. ఆదివారాన్ని "బడి లేని మామూలు రోజు" అనుకోవడం నా తెలివితక్కువ.

కావలసింది కోడికూర లేని సెలవు. జులై 12 రెండో శనివారం, సరిగ్గా అలాంటి రోజే. ఆ రోజు ఇంట్లో ఏసీ వేసుకుని ఎక్సెల్ గళ్లు గీసుకున్నా.

జులై 24, గురువారం

అడగడం మాత్రం ఆపలేదు, బడి రోజులవే. అడిగేకొద్దీ ఒక గడి ఖాళీగా కనపడుతోంది. పొద్దున.

ఇక్కడి తల్లులు చాలామంది మిర్చికి వెళ్తారు, కోల్డ్ స్టోరేజీల దగ్గర కాయలు గ్రేడింగ్ చెయ్యడం, తొడిమలు తియ్యడం. ఆరున్నరకల్లా ఆటో ఎక్కాలి. టిఫిను వండే టైమే లేదు. పిల్లలు చెప్పేది "టీ, బిస్కెట్లు", "టీలో బన్ను", కొందరు "రాత్రన్నం, పచ్చడి", కొందరు భుజాలెగరేసి ఊరుకుంటారు. ఐదో తరగతి పిల్లొకతి మాత్రం తనే తమ్ముడికి ఉప్మా చేసి పెడుతోందట, నాకంటే బాగా చెప్పింది రవ్వ ఎప్పుడు పొయ్యాలో.

అంటే చాలామందికి మధ్యాహ్న భోజనం రోజులో రెండో భోజనం కాదు, మొదటిది. మంగళ, గురు, శనివారాల్లో పొద్దున్నే రాగిజావ పోస్తారు కదా, ఆ రోజుల్లో పదిన్నర పదకొండింటికి క్లాసు వెనక బెంచీల్లో తలలు వాల్చే వాళ్లు తక్కువని టీచరొకరు అన్నారు. నేనూ రెండు జావ రోజులు, రెండు చిక్కీ రోజులు క్లాసు వెనక కూర్చుని లెక్కపెట్టా. నాకూ అట్టాగే అనిపించింది, కాకపోతే నాలుగు రోజుల లెక్కని లెక్క అనను. మా మేడమ్ మాత్రం ప్రాజెక్టు పేరు మార్చుకుంటావా అని అడిగారు. పేరుకి మళ్లీ సంతకాలు కావాలి, వద్దన్నా.

ఆగస్టు 1, శుక్రవారం

శ్రావణ శుక్రవారం. గుడ్ల రోజు.

ఇవాళ్టి కోసం వారం నుంచి అనుకుంటున్నా. పెట్టిన గుడ్లు రిజిస్టర్లో ఉంటాయి, తిన్న గుడ్లు ఎక్కడుంటాయి? పెంకుల్లో. ఈ బడిలో గుడ్డు పెంకుతోనే ఇస్తారు, పిల్లలే ఒలుచుకుంటారు. చెత్తబుట్ట ముందే ఖాళీ చేయించి, అందరూ తిన్నాక గ్లౌజులేసుకుని పెంకులు విడదీశా. ఏ పెంకు ఏ గుడ్డుదో తెలీదు కాబట్టి అన్నీ కలిపి తూచి, ముందే విడిగా తూచి పెట్టుకున్న పది గుడ్ల పెంకుల సగటుతో భాగించా. పిల్లలు చుట్టూ చేరి "అక్కా, పెంకులు తింటారా?" అని ఒకటే నవ్వు.

మామూలు బుధవారం నాటికీ దీనికీ బాగా తేడా ఉంది, ఇవాళ పెంకులు తక్కువ. కొందరు ముందే వద్దన్నారు, "అమ్మ ఇవాళ నీసు ముట్టుకోవద్దంది" అని. వాళ్లు పోగా ఇంకా ఏడెనిమిది గుడ్ల లెక్క తేలలేదు.

ఒకటి తేలింది. రెండో తరగతి పాప, నా నంబరు 17. అన్నం తింది, గుడ్డు ముట్టుకోలేదు. చెయ్యి కడుక్కునొచ్చి, జామెట్రీ బాక్సులో పెన్సిళ్లు ఒక పక్కకి జరిపి, గుడ్డుని రబ్బరు పక్కన పెట్టి, మూత పడట్లేదని పైన కర్చీఫు కట్టింది. ఎవరికమ్మా అంటే చెల్లికట. చెల్లి అంగన్‌వాడీకి వెళ్లట్లేదు, జ్వరం.

సాయంత్రం దాకా బ్యాగులో ఉడికిన గుడ్డు పాడవుతుందేమోనని చెప్పబోయి ఆగిపోయా. టీచర్‌కి మాత్రం చెప్పా. నా టేబుల్లో దీన్ని ఏ గడిలో వెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు. నంబరు 17 ప్రొటీనులో 6 గ్రాములు తీసెయ్యాలి, అంతవరకు సరే. అది వృథా కాదు, తినకపోవడం కాదు, నా అధ్యయనంలో లేని మూడేళ్ల పిల్ల తింది. కొత్త కాలమ్ ఒకటి గీసి "ఇంటికి" అని పెట్టా. మిగతా తేలని గుడ్లలో ఎన్ని ఇలా వెళ్లాయో తెలియాలంటే పిల్లల బ్యాగులు వెతకాలి, అది నేను చెయ్యను.

ఆగస్టు 6, బుధవారం

జల్లెడ లెక్కలు చూశా. జులై చివరి వారంలో పైన నిలిచిన పప్పు బాగా తగ్గింది, వంటమ్మ చెప్పినట్టే. రెండో బడిలో అంత తేడా లేదు, అక్కడి వంటామె తమ్ముడికే కిరాణా కొట్టుందట! ఒక్క నెల చూసి సూత్రం కట్టేయను, అయినా రిపోర్టులో "పప్పు మిగల్చడానికి కారణాలు" అన్న చోట రుచి, కారంతో పాటు బిల్లుల ఆలస్యం కూడా రాస్తున్నా. ఆ ఆఫీసులో రెండో ఆయన ఇది చదివి ఏమంటారో అని కొంచెం టెన్షన్‌గానే ఉంది.

ఇక సెలవు సమస్య. ఎల్లుండి 8న వరలక్ష్మీ వ్రతం, సెలవే గానీ ఇంటింటా పూర్ణాలు, పులిహోర, శనగలు, అదీ మామూలు రోజు కాదు. 10 ఆదివారం, కోడికూర (శ్రావణం కాబట్టి కొన్ని ఇళ్లల్లో అదీ ఉండదు, ఇంకో తలనొప్పి). మధ్యలో 9, రెండో శనివారం. బడి లేదు, పండగ వంట అయిపోయి ఉంటుంది, కోడి ఇంకా రాలేదు. ముందురోజు పులిహోర మిగిలితే మిగలొచ్చు, అది విడిగా రాసుకుంటా. నాకు దొరికే మామూలు సెలవు ఇదొక్కటే.

బడి సోమవారం దాకా తెరవరు, అప్పటికి పిల్లలకి శనివారం గుర్తుండదు. కాబట్టి ఆదివారం పొద్దున్నే ఇళ్లకే వెళ్లాలి, తల్లులు పనికెళ్లని రోజు కూడా అదే. 32 ఇళ్లు ఒప్పుకున్నాయి. తమ్ముడు స్కూటీ ఇస్తానన్నాడు, పెట్రోలు నాదేనట. గిన్నె, గ్లాసు, రూళ్ల పుస్తకం సర్దుకున్నా. నంబరు 17 వాళ్ల ఇల్లు సందు చివర, మొదట అక్కడికే.